మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది: కుటుంబంతో వెళ్లాలా, వద్దా?

నిజాంపేట నాన్న

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను, రాసింది తక్కువ. ఇప్పుడు మీ సలహా అవసరమైంది.

వయసు 38, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 36 లక్షలు. మ్యూనిక్‌లోని ఒక కంపెనీ 78,000 యూరోలు ఇస్తానంటోంది. జనవరి 1న చేరాలి. నా భార్య దంతవైద్యురాలు, ఇంటి దగ్గరే సొంత క్లినిక్ నడుపుతోంది. పాప మూడో తరగతి, బాబుకు మూడేళ్లు. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. నాన్నకు 69, గుండెకు స్టెంట్ వేశారు. ఫ్లాటు మీద నెలకు 62 వేల వాయిదా ఇంకా నడుస్తోంది.

యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి జీతం రెట్టింపు కన్నా ఎక్కువే అవుతుంది. క్లినిక్ కొన్నాళ్లు మూసినా ఫరవాలేదని నా భార్య అంటోంది. పిల్లలు చిన్నవాళ్లు, భాష తొందరగా పట్టుకుంటారని అందరూ చెబుతున్నారు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. వారంలో జవాబు ఇవ్వాలి. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

ఇసార్ ఒడ్డున

ముందుగా శుభాకాంక్షలు. ఇక ఆ జీతాన్ని వందతో హెచ్చవేయడం ఆపండి.

78,000 అంటే నెలకు 6,500. అందులో పింఛను చందా 9.3 శాతం పోతుంది. ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా, వాటిపైన ఆదాయపు పన్ను. మీ భార్యకు ఇక్కడ సంపాదన లేకపోతే మీకు పన్ను తక్కువగా కోసే మూడో పన్ను తరగతి ఇస్తారు. అప్పుడు చేతికి వచ్చేది సుమారు 4,400. పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్డ్ 2025లో ఒక్కొక్కరికి నెలకు 255, 2026 జనవరి నుంచి 259. అన్నీ కలిపితే 4,900 దాటుతుంది.

ఇప్పుడు ఇల్లు. రెండు పడకగదులు, హాలు ఉన్న ఇంటికి నగరంలో నీళ్లు, వేడి ఖర్చులు కలుపుకుని 2,000 నుంచి 2,400 వరకు అవుతుంది. చుట్టుపక్కల ఊళ్లయిన దఖావ్, ఫ్రైజింగ్, ఎర్డింగ్ వైపు వెళ్తే కొంత తగ్గుతుంది. అడ్వాన్సు మూడు నెలల అద్దె వరకు అడగవచ్చు. చాలా ఇళ్లలో వంటగది అంటే ఖాళీ గోడ, రెండు పైపులే. స్టవ్వు, సింకు, అల్మరాలు మీరే కొని పెట్టించుకోవాలి. పైగా ఇంటివాళ్లు మూడు నెలల జీతం కాగితాలు, ష్యూఫా అనే అప్పుల చరిత్ర అడుగుతారు. కొత్తగా దిగినవారి దగ్గర ఈ రెండూ ఉండవు. అందుకే మొదటి కొన్ని నెలలు సామానుతో సహా దొరికే తాత్కాలిక ఇంట్లో ఎక్కువ అద్దె కట్టి ఉంటారు.

మీ ఫ్లాటు వాయిదా ఇక్కడి లెక్కలో 600 యూరోలు. అద్దె, వాయిదా, తిండి, బాబు కిండర్‌గార్టెన్, బస్సు, రైలు పాసులు (డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెల పాసు 2025లో 58, 2026 జనవరి నుంచి 63) తీసేస్తే మిగిలేది వెయ్యి లోపు. హైదరాబాద్‌లో మీ ఇద్దరి సంపాదన మీద అంతకన్నా ఎక్కువ మిగలడం లేదా? క్లినిక్ ఆదాయం మీరు రాయనే లేదు.

రావద్దని చెప్పడం లేదు. నేను ఇక్కడ హాయిగానే ఉన్నాను. డబ్బు కోసమే అయితే ఇది సరైన ఊరు కాదని మాత్రం చెబుతున్నాను.

కొత్త కెరటం

జర్మనీ ఎందుకన్నా? ఆ అనుభవానికి అమెరికాలో దీనికి రెట్టింపు ఇస్తారు. మా కజిన్లు అందరూ అక్కడే ఉన్నారు.

ఫ్రిస్కో నుంచి

తమ్ముడూ, ఏ సంవత్సరంలో ఉన్నావు? 2025 సెప్టెంబర్ 21 నుంచి, దేశం బయట ఉన్నవారికి కొత్తగా హెచ్1బి దరఖాస్తు చేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అంతకన్నా ముందు లాటరీ. అదీ దాటితే గ్రీన్ కార్డు వరుస. ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి కాబట్టి భారతీయుల వరుస దశాబ్దాలు సాగుతోంది. ఇరవై ఒకటి నిండేలోగా గ్రీన్ కార్డు రాకపోతే పిల్లలకు ఆధారిత హోదా పోతుంది. మా పెద్దవాడు ఇక్కడే పెరిగాడు, ఇప్పుడు విద్యార్థి వీసా కోసం కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాడు. నిజాంపేట అన్న బ్లూ కార్డు (నిపుణులకు ఐరోపా దేశాలు ఇచ్చే నివాస అనుమతి) మీద వెళ్తే జర్మన్ భాష బి1 స్థాయిలో (ఎ1 మొదటి మెట్టు, పైన ఎ2, బి1, బి2, సి1) ఉంటే 21 నెలలకు, ఎ1 ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసం అడగవచ్చు. ఆ మాట ఇక్కడ ఎవరికి చెప్పినా నమ్మరు.

లెక్కల పద్దు

నేను మన దేశపు పన్నుల వైపు చూస్తాను కాబట్టి ఆ ముక్క చెబుతాను.

వెళ్లాక మీ సేవింగ్స్ ఖాతాలను ప్రవాస భారతీయుల ఎన్ఆర్ఓ ఖాతాలుగా మార్చాలి. అలాగే వదిలేయడం విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలకు విరుద్ధం. పీపీఎఫ్ గడువు వరకు నడుస్తుంది, తర్వాత పొడిగించలేరు. తెనాలి అన్నారు కాబట్టి ఇంకొక మాట: ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనలేరు. వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. ఎకరమో అరెకరమో మీ పేరు మీద కొనాలని నాన్నగారి మనసులో ఉంటే ఆ మాట ఇప్పుడే తేల్చుకోండి. ఫ్లాటు అద్దెకిస్తే, అద్దె చెల్లించేవారు మూలంలో పన్ను కోసి కట్టాలి. చాలామంది అద్దెదారులకు ఇది తెలియదు, చివరికి తంటా ఇంటి యజమానికే.

కువైట్‌లో రాజంపేట

మా దారి వేరు, అయినా రాస్తున్నాను. ఇక్కడ భార్యాపిల్లలను తెచ్చుకోవాలంటే 800 దినార్ల జీతం ఉండాలి. నాతోపాటు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అందులో సగం కూడా రాదు. వాళ్లకు వెళ్లాలా వద్దా అన్న చర్చ ఉండదు, ఒక్కరే వెళ్తారు. తెచ్చుకోగలిగినవాళ్లకు ఒక సుఖం ఉంది. ఇక్కడ సీబీఎస్ఈ బడులు ఉన్నాయి కాబట్టి ఉద్యోగం పోయిన నెలలోనే పిల్లలు కడపలో అదే తరగతిలో కూర్చోగలరు. ఎన్నేళ్లు ఉన్నా ఇక్కడ శాశ్వత నివాసం రాదు గనుక అందరమూ ఒక కాలు గడపలోనే పెట్టి ఉంటాం.

జర్మన్ బడిలో ఐదేళ్లు చదివిన పాప వెనక్కి వస్తే ఏం చేస్తుంది? నా ప్రశ్న అదే.

నిర్వాహకుడు

వీసా ఏజెంట్ల ప్రకటనలు మూడు తొలగించాను. చర్చ కొనసాగించండి.

న్యూరెంబెర్గ్ దంతవైద్యురాలు

ఈ చర్చలో నేను వెతికిన మాట ఎవరూ ఎత్తలేదు. “క్లినిక్ కొన్నాళ్లు మూసినా ఫరవాలేదు” అన్నది ఆమె మాటా, మీరు విన్న మాటా?

బ్లూ కార్డు మీద వచ్చినవారి భార్యకు వీసా కోసం భాషా పరీక్ష అక్కరలేదు, దిగిన రోజు నుంచి ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. ఈ వాక్యాన్ని కంపెనీల వాళ్లు చాలా ఇష్టంగా చెబుతారు. వైద్యులకు, దంతవైద్యులకు ఇది చాలదు. వైద్యం చేయడానికి ఆప్రొబాత్సియోన్ అనే లైసెన్సు ఉండాలి. మన బీడీఎస్ వారి చదువుకు సమానమా కాదా అని ఒక్కొక్క సబ్జెక్టు గంటలు లెక్కపెట్టి చూస్తారు. లోటు కనిపిస్తే, మనవారికి మామూలుగా కనిపిస్తుంది, జ్ఞాన పరీక్ష రాయమంటారు. మాటల్లో కొంత, చేతల్లో కొంత. కృత్రిమ దవడ మీద క్రౌన్ తయారీ, రూట్ కెనాల్ చేసి చూపించాలి. తప్పితే మరో రెండు అవకాశాలు ఇస్తారు, అంతే. అంతకుముందు సాధారణ జర్మన్ బి2, ఆపైన దంతవైద్యుల మండలి పెట్టే వృత్తిభాష పరీక్ష సి1 స్థాయిలో. రోగి పాత్రలో ఒకరు కూర్చుని మ్యూనిక్ ఉన్న మా బవేరియా రాష్ట్రపు యాసలో పంటినొప్పి వర్ణిస్తారు. అర్థం చేసుకుని, కేసు రాసి, పై వైద్యుడికి వివరించాలి.

నాకు మొత్తం మూడేళ్లు దాటింది. ఆ మూడేళ్లలో ఎక్కువ భాగం తరగతి గదిలోనూ, పిల్లవాడిని బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే దారిలోనూ గడిచింది. తాత్కాలిక అనుమతి మీద మరో వైద్యుడి పర్యవేక్షణలో పని చేయవచ్చు, దానికి రెండేళ్ల పరిమితి. దానికీ భాష ముందే కావాలి.

ఇప్పుడు నేను సంతోషంగా పని చేస్తున్నాను, ఇక్కడ దంతవైద్యులకు గిరాకీ బాగానే ఉంది. కానీ ఇంట్లో ఇద్దరికీ “కొన్నాళ్లు” అంటే ఒకే లెక్క ఉండాలి.

ఆ దంతవైద్యురాలిని నేనే

మా ఆయన ఈ చర్చ నాకు చూపించారు. డాక్టరు గారి ప్రశ్నకు నేనే జవాబు చెప్పడం మంచిది.

ఫరవాలేదు అన్నమాట నాదే. ఆరు నెలలో, ఏడాదో అనుకుని అన్నాను. మూడేళ్లని తెలిస్తే అనేదాన్ని కాదు. క్లినిక్‌లో రెండు కుర్చీలు, ఒక ఎక్స్‌రే, అప్పు తీరి ఏడాది కాలేదు. నా దగ్గరకు మూడు తరాల వాళ్లు వస్తారు. ముందు బామ్మ కట్టుడుపళ్లు పెట్టించుకుంది, ఇప్పుడు మనవరాలు క్లిప్పులు పెట్టించుకుంటోంది. మూసేసి వెళ్లి తిరిగి తెరిస్తే వాళ్లు వస్తారన్న భ్రమ నాకు లేదు.

అలాగని వెళ్లకూడదనీ లేదు. ఇరవై ఏళ్లుగా ఒకే వీధిలో ఉన్నదాన్ని, బయట ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది. ఇది మా ఆయనకు ఇప్పుడే తెలిసింది. :)

డాక్టరు గారూ, ఇక్కడ ఉండగానే బి2 వరకు చదివి, కాగితాలు ముందే పంపితే కాలం తగ్గుతుందా?

న్యూరెంబెర్గ్ దంతవైద్యురాలు

తప్పకుండా తగ్గుతుందమ్మా. నేను ఎ1 కూడా లేకుండా దిగాను. బి1తో దిగితే కనీసం ఏడాది కలిసివస్తుంది. మ్యూనిక్ అయితే మీ దరఖాస్తు ఓబర్‌బయర్న్ జిల్లా ప్రభుత్వానికి వెళ్తుంది. ఏమేమి కాగితాలు కావాలో నేను వేరుగా రాస్తాను.

ఇసార్ ఒడ్డున

పిల్లలు చిన్నవాళ్లు, భాష పట్టుకుంటారు అన్నారు కదా. బాబు విషయంలో నిజం. ఆరు నెలలకు ఇంట్లో మీకే జర్మన్ నేర్పుతాడు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశు సంరక్షణలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది, చోటు దొరకడం మాత్రం మ్యూనిక్‌లో మరో కథ. దరఖాస్తు ముందే పెట్టండి.

పాప విషయం వేరు. ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు. బవేరియాలో ప్రాథమిక బడి నాలుగు తరగతులే. నాలుగో తరగతి మే నెలలో ఒక నివేదిక ఇస్తారు. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే జిమ్నాజియంకు, అంటే నేరుగా విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లే బడికి అర్హత. ఇక్కడ 1 అంటే ప్రథమం, 6 అంటే అధమం. అది రాకపోతే మధ్య స్థాయి బడి రియాల్‌షూలె, అదీ రాకపోతే వృత్తి శిక్షణ వైపు నడిపే మిట్టెల్‌షూలె. పదేళ్ల పిల్లకు! బెర్లిన్‌లో అయితే ప్రాథమిక బడి ఆరేళ్లు. బవేరియాలో తల్లిదండ్రులు మూడో తరగతి నుంచే నిద్రపోరు. మన ఇంటర్ ఎంపీసీ తల్లిదండ్రులను చూసిన నాకు ఇదేమీ వింతగా అనిపించలేదు.

కొత్తగా వచ్చిన పిల్లలకు సగటులో కొంత సడలింపు ఉంది. భాష నేర్పే ప్రత్యేక తరగతులూ ఉన్నాయి. రియాల్‌షూలె నుంచి కూడా మరో దారిలో విశ్వవిద్యాలయానికి చేరవచ్చు, చాలామంది చేరుతున్నారు. ద్వారం మూసుకుపోదు, దారి చుట్టు అవుతుంది.

మీ పాప వయసును బట్టి వచ్చే సెప్టెంబర్‌లో నాలుగులో వేస్తారు. మూడులో వేయమని బడి ప్రధానోపాధ్యాయులను అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. అప్పుడు ఆ నివేదికకు దాదాపు రెండు బడి సంవత్సరాలు దొరుకుతాయి. ఇదే పాప ఇంకో రెండేళ్లు ఆగి వస్తే నేరుగా ఐదో, ఆరో తరగతిలో జర్మన్‌లో జీవశాస్త్రం చదవాలి. అంతర్జాతీయ బడి ఉంది కదా అనకండి, ఏడాదికి 20 వేల యూరోలు దాటుతుంది, అదీ ఒక్క పిల్లకు.

అందుకే నా దృష్టిలో మీ ప్రశ్న జీతానిది కాదు. పాప ఏ సెప్టెంబర్‌లో బడిలో అడుగు పెడుతుంది అన్నది.

తిరిగి వచ్చినవాడు

రాజంపేట అన్న అడిగిన దానికి జవాబు. మేము స్టుట్‌గార్ట్‌లో ఏడేళ్లు ఉండి, పెద్దమ్మాయి ఏడో తరగతిలో ఉండగా హైదరాబాద్ వచ్చాం. మా మామగారి ఆరోగ్యం కారణం. లెక్కలు, సైన్సు ఏడాదిలో సర్దుకుంది. ఇంగ్లీషు కొంచెం. తెలుగు మాత్రం గండం అయింది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ సిలబస్ అయినా పదో తరగతి వరకు తెలుగు చదవాల్సిందే. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లకు ఒత్తులు రావు. అమ్మమ్మ దగ్గర కూర్చుని పెద్దబాలశిక్షతో మొదలుపెట్టింది. మీరు వెళ్తే పిల్లలకు తెలుగు రాయడం, చదవడం ఆపకండి. వారానికి గంట చాలు.

ఇంకొక మాట. చిన్నవాడు మూడో తరగతిలో వచ్చాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు. పిల్లలను ఏడో తరగతి తర్వాత ఏ దిశలోనూ కదపకూడదని నా అభిప్రాయం. ఇటు రావడానికైనా, అటు వెళ్లడానికైనా.

నిజాంపేట నాన్న

అందరికీ కృతజ్ఞతలు. నా భార్య ఇక్కడ రాస్తుందని నేను ఊహించలేదు, నిన్న రాత్రి మా ఇంట్లో చర్చ ఈ చర్చకన్నా పొడవుగా సాగింది.

ఒక ఆలోచన వచ్చింది. నేను జనవరిలో ఒక్కడినే వెళ్తే? మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. అది జూన్ చివరికి ముగుస్తుంది. పాప ఏప్రిల్‌లో ఇక్కడి తరగతి పూర్తి చేస్తుంది, ఆగస్టులో అందరూ వస్తారు, సెప్టెంబర్‌లో బడి.

మరి నాన్న సంగతి? చెల్లెలు గుంటూరులో ఉంది. అయినా పెద్దకొడుకును నేను.

లెక్కల పద్దు

ఆలోచన బాగుంది, కానీ జేబు లెక్క మార్చుకోండి. భార్య జర్మనీలో నివసించకపోతే మూడో పన్ను తరగతి ఇవ్వరు, మీకు మొదటి తరగతి. చేతికి 3,900 దగ్గర వస్తుంది. పిల్లలు ఇక్కడ ఉన్నంతకాలం కిండర్‌గెల్డ్ కూడా రాదు. ఆగస్టులో వాళ్లు వచ్చాక ఆ ఏడాదికి ఉమ్మడి రిటర్ను వేస్తే ఎక్కువ కట్టిన పన్నులో మంచి భాగం తిరిగి వస్తుంది.

ఫ్రిస్కో నుంచి

ఒక్కడివే వెళ్లడం అంటే ఆమె ఒక్కతే ఇద్దరు పిల్లలతో, క్లినిక్‌తో, జర్మన్ పాఠాలతో ఎనిమిది నెలలు. అది కూడా లెక్కలో వేయండి.

ఇసార్ ఒడ్డున

నేను ఒక్కడిగా ముందు రావడానికే ఓటు వేస్తాను. ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసుతో తీసేయవచ్చు. నిరుద్యోగ భృతికి కనీసం పన్నెండు నెలలు చందా కట్టి ఉండాలి, అంటే మొదటి ఏడాది ఆ ఆసరా ఉండదు. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి కొన్ని నెలల గడువే. ఆ పరిస్థితిలో బడిలో పాప, బాడుగ ఇల్లు, క్లినిక్ మూసేసి వచ్చిన భార్య ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. పైగా ఇల్లు వెతకడానికి మీకు మూడు జీతం కాగితాలు చేతికి వస్తాయి.

నాన్నగారి గురించి నిర్మొహమాటంగా చెబుతాను. 2024 మార్చి 1 నుంచి మొదటిసారి అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులను తెచ్చుకోవచ్చని చట్టం మార్చారు. చదవగానే పొంగిపోవద్దు. వారి ఆరోగ్య బీమా మీరే చూపించాలి. 55 దాటినవారిని ప్రభుత్వ బీమాలో చేర్చుకోరు. స్టెంట్ ఉన్న 69 ఏళ్ల మనిషికి ప్రైవేటు బీమా దొరకడం చాలా కష్టం, దొరికినా ఆ ధర మీ జీతం మొయ్యదు. చూడటానికి వస్తే 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు. ప్రయాణ బీమా తీసుకుంటారు, అది పాత జబ్బులకు సాధారణంగా వర్తించదు. కాబట్టి వారు రావడం మీద కాదు, మీరు వెళ్లగలగడం మీద ఆధారపడండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరిలో నేరుగా విమానం మొదలైంది. ప్రతి ఏడాది రెండు టికెట్ల డబ్బు వేరుగా పెట్టుకుని, దాన్ని ఎలాంటి అవసరానికీ ముట్టకండి.

తిరిగి వచ్చినవాడు

చెల్లెలితో ఇప్పుడే మాట్లాడండి, డబ్బు విషయం కూడా. “నువ్వు చూసుకుంటావుగా” అని ఫోనులో అనేసి విమానం ఎక్కే అన్నల మీద చెల్లెళ్లకు ఎంత కోపం ఉంటుందో మా ఇంట్లో చూశాను.

కువైట్‌లో రాజంపేట

పౌరసత్వం సంగతి? అక్కడ మూడేళ్లకే ఇస్తారని విన్నాను.

ఇసార్ ఒడ్డున

ఆ మూడేళ్ల దారిని 2025 అక్టోబర్‌లో ఎత్తేశారు, ఇప్పుడు ఐదేళ్లు. జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. తీసుకుంటే మన దేశంలో భారతీయ మూలాలున్న విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఉండాలి. మొదటి జీతం కూడా రాకముందు దాని గురించి ఆలోచించడం అనవసరం.

నిజాంపేట నాన్న

మా నిర్ణయం ఇది. జనవరిలో నేను వెళ్తాను. క్లినిక్ మూయడం లేదు, నా భార్య దగ్గర పనిచేసే జూనియర్ డాక్టరుతో వాటా ఒప్పందం రాసుకుంటున్నాం. వచ్చే వారం నుంచి తనూ, పాపా గోథె జెంట్రుమ్‌లో జర్మన్ తరగతులకు వెళ్తారు. జూన్‌లో ప్రొబేషన్ గడిచి, తనకు బి1 వస్తే ఆగస్టులో అందరం అక్కడ. ఆ రెండింటిలో ఏది కాకపోయినా నేను వెనక్కి వస్తాను. ఇది కాగితం మీద రాసి ఇద్దరం సంతకం చేశాం, నవ్వకండి. నాన్నకు చెప్పాను. వెళ్లి రా అన్నారు. చెల్లెలు ఇంకా ఏమీ అనలేదు, ఆదివారం గుంటూరు వెళ్తున్నాను.

కొత్త కెరటం

అన్నా, మీ ఉద్యోగం ఏ టెక్నాలజీలో? నాకూ పనికొస్తుందేమో.

న్యూరెంబెర్గ్ దంతవైద్యురాలు

నవ్వడం లేదు, మేమూ రాసుకుని ఉంటే బాగుండేది.

అమ్మా, కాగితాల సంగతి. బీడీఎస్ పట్టా, అన్ని సంవత్సరాల మార్కుల జాబితాలు, ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను, అక్కడి నుంచే మీ మీద వృత్తిపరమైన ఫిర్యాదులు లేవని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. ఇది మాత్రం పాతబడితే ఒప్పుకోరు కాబట్టి దరఖాస్తుకు ముందే తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు చదివిన సంవత్సరాల సిలబస్, సబ్జెక్టువారీగా థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు, కాలేజీ ముద్రతో. ఇప్పటి సిలబస్ ఇస్తే పనికిరాదు. దీనికే ఎక్కువ తిరగాల్సి వస్తుంది, రేపే మొదలుపెట్టండి. క్లినిక్‌లో మీ అనుభవానికి కూడా ఆధారాలు కావాలి, ఎన్ని రూట్ కెనాల్‌లు, ఎన్ని క్రౌన్‌లు అని. రిజిస్టర్లు పారేయకండి. అనువాదం అక్కడ చేయించవద్దు, ఇక్కడ ప్రమాణం చేసిన అనువాదకులు చేసినదే తీసుకుంటారు. నాకు వేరుగా సందేశం పంపండి, నేను వాడిన పరీక్ష పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.